మగ్గం ముడుపులో రూపాయి

3 జూన్ 2007

ఇవాళ పది మంది ముందు వెర్రివెంగళప్పనయ్యాను. మంట ఇంకా తగ్గలేదు.

నాకు ఈ నాణేల పిచ్చి అంటించిన మహానుభావుడు స్టీవెన్. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా, మా ఇంటి వెనక గల్లీ. నాణేలు ఏరడం మొదలుపెట్టి అతనికి పదేళ్లు, నాకు ఇంకా ఏడాది నిండలేదు. అతనే ముంబైలో ఫోర్ట్ దగ్గర నాణేల సేఠ్ దుకాణానికి తీసుకుపోయాడు. ఇన్ని నెలల్లో నేను ఏరి ఏరి కొన్న మూడు వెండి రూపాయలు బల్ల మీద పెట్టాను. సేఠ్ భూతద్దం కూడా సరిగా పట్టలేదు. ఒకటి నకిలీ అన్నాడు. రెండోదానికి ఎప్పుడో కొక్కెం అతికించి మెడలో వేసుకున్నారట, కొక్కెం పీకి రుద్దిన చోటు వేలు పెట్టి చూపించాడు. మూడోది అసలుదే కానీ సంచీలో పోసి అమ్మే రకమట. పక్కనున్న గిరాకీలు నవ్వారు.

నేను ఎవరిని? ఇరవై రెండేళ్ల నుంచి భివండి టెంఘర్‌లో బట్ట చెక్ చేస్తున్న సిద్ధిరాములును. బట్ట చుట్ట, మా భాషలో తాకా, బల్ల మీద పరిస్తే పోగు ఎక్కడ తెగిందో లైటు వేయకముందే చెబుతాను. నేను ఫ్రెష్ అని రాస్తే ఫ్రెష్, సెకండ్ అని రాస్తే సెకండ్. సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాళ్లు నా నీలం పెన్సిల్ చూస్తే గుటకలు మింగుతారు. అలాంటి నాకు రూపాయి బిళ్ల చూడటం రాదని సేఠ్ మొహం మీదే తేల్చేశాడు.

అప్పుడు చూపించాడు ఆ డబ్బా. గట్టి ప్లాస్టిక్ పలక, మధ్యలో రూపాయి, పైన కాగితం మీద అరవై మూడు అని అంకె. అమెరికాలో ఒక కంపెనీ ఉందట. నాణెం పంపితే పరీక్ష చేసి, డెబ్బైకి ఎన్ని మార్కులో వేసి, డబ్బాలో పెట్టి సీల్ వేసి పంపుతుందట. ఆ డబ్బాలో ఉన్నదానికి ఇక ఎవడూ వంక పెట్టలేడు. నాకు కావలసింది అదే. ఎవడూ నోరెత్తకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో స్టీవెన్ గొణుగుతూనే ఉన్నాడు. "నీసొంటి కొత్తోళ్లకు గీ గ్రేడింగ్ ఎందుకన్నా? కాయిన్ ధర కంటే వాళ్ల ఫీజే ఎక్కువైతది."

కొత్తోళ్లట. ఇద్దరు పిల్లల తండ్రినైన నాకు చెప్పే మాట ఇది.

4 జూన్

నా భార్య శాంతను మగ్గం ముడుపు అడిగాను.

ఆ ముడుపు సంగతి పెళ్లయిన కొత్తలోనే విన్నాను. వాళ్ల తాత సిరిసిల్లలో చేతిమగ్గం పెట్టిన రోజు, అంతకుముందు దొర ఇంటికి దుప్పట్లు నేసినందుకు వచ్చిన, నిజాం టంకసాల కొట్టిన కొత్త చార్మినార్ వెండి రూపాయిని పసుపు గుడ్డలో మూటగట్టి మగ్గానికి వేలాడదీశాడు. ఆ ముడి విప్పరు. దసరాకు పైనుంచి కాస్త పసుపు రాస్తారు, అంతే. ఆ మగ్గం పోయింది, ముడుపు మాత్రం మా అత్త పెట్టెలో భివండి వచ్చింది. పోతూ పోతూ కూతురి చేతిలో పెట్టింది. అంటే, టంకసాల నుంచి వచ్చిన రూపాయి చేతులు మారకుండా, నలగకుండా, అలాగే ఉందన్నమాట! ఇంట్లో అంత సరుకు పెట్టుకుని నేను రోడ్ల మీద నకిలీలు కొన్నాను.

శాంత వెంటనే ఒప్పుకోలేదు. "మా అన్న కొత్త సాంచ తెస్తున్నడు. దసరాకు దానికి కట్టాలె. అన్నకు మాటిచ్చిన."

"దసరాకు ఇంకా నాలుగు నెలలున్నది. అప్పటికి వస్తది."

"ఇప్పుతవా?"

"ఇప్పకుంటె ఎట్ల చూస్తరే? మళ్ల కడుదాం. విలువ తెలుస్తది కదా, మీ తాత రూపాయికి."

పొయ్యి మీది గిన్నె దించి వచ్చింది. తర్వాత పెట్టె తీసి ముడుపు నా చేతిలో పెట్టింది. "ఎట్లున్నది గట్లనే రావాలె," అంది. ఎట్లున్నది గట్లనే వస్తదని మాటిచ్చాను. ప్రతి చిన్నదానికీ ఈ మనిషి మాట తీసుకుంటుంది.

9 జూన్

శాంత వరాలా తలావ్ చెరువు దగ్గర వాళ్ల అన్న ఇంటికి పోయింది. ముడి విప్పాను. గట్టి ముడి, సూదితో అరగంట పట్టింది.

రూపాయి కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఎంత మురికి! అంచుల వెంట నీలం, మధ్యలో వంకాయ రంగు, చార్మినార్ మీద పసుపు అట్టకట్టి ఉంది. గీత ఒక్కటి లేదు, అరుగుదల లేదు, కానీ నలుపు. ఇలా పట్టుకుపోతే సేఠ్ మళ్లీ నవ్వుతాడు. నకిలీలు కొనేవాడు మసిబిళ్ల తెచ్చాడంటాడు. అందుకని చింతపండు గట్టిగా పిసికి, అందులో కాసేపు ఉంచి, పాత బనీను గుడ్డతో తుడిచాను. ఎంత బాగా వచ్చిందో! చార్మినార్ తలుపు దాకా కనబడుతోంది. నిన్న కొట్టినట్టుంది.

అరవై ఐదు కంటే తక్కువ వస్తే నా పేరు మార్చుకుంటాను.

10 జూన్

సేఠ్‌కు ఇచ్చి వచ్చాను. ఫీజు నా పదిహేను రోజుల జీతం. శాంతకు సగమే చెప్పాను.

సేఠ్ ఈసారి నవ్వలేదు. దీపం కింద రూపాయిని అటూ ఇటూ వంచి వంచి చూశాడు. "ధోయా క్యా?" అన్నాడు. కడిగావా అని. లేదన్నాను. నిజమే కదా, తుడిచాను, అంతే. తుడవడం వేరు, కడగడం వేరు.

"భేజ్‌నా హై తో భేజ్ దూఁగా," అని కాగితం రాసిచ్చాడు. పంపమంటే పంపుతాడట. వాడికి కుళ్లు. ఇలాంటి పీస్ తన గల్లాలో లేదని.

11 జూన్

పప్పుచారులో పులుపే లేదు. అడిగితే చింతపండు నిండుకుందట. ఇంట్లో ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో చూసుకోదు ఈ మనిషి.

28 జూన్

సేఠ్ దగ్గర నుంచి ఫోను లేదు.

17 జూలై

లోడ్‌షెడ్డింగ్. కరెంటు వచ్చేసరికి పన్నెండయింది, బల్ల మీద తాకాలు గుట్టపడ్డాయి. అందులో కొండయ్య తాకా. కొండయ్య మంచి పనివాడే, నాలుగు సాంచలు ఒక్కడే చూసుకుంటాడు. కానీ ఇవాళ దొరికాడు. లైటు వేయగానే పన్నెండో మీటరులో చేతి వెడల్పున బట్ట తెల్లగా, నూగు లేచి కనబడింది. నూనె మరక పడితే కిరోసిన్ పెట్టి రుద్దాడు.

సెకండ్ అని రాసి గుండ్రం చుట్టాను. వాడు వాదనకు దిగాడు.

"నూనె వడ్డది, సాఫ్ చేసిన. మురికి తీసుడు గూడ తప్పేనానె?"

"మరక ఉంటె మరక అని రాసి మాఫ్ చేస్తుంటి. రంగుల పోతె కనవడకపోవు. నువ్వు కడిగినవు. కడిగిన బట్ట పానం పోయిన బట్ట. ఎవన్ని మోసం జేద్దామని?"

"మోసమెందుకు జేస్త? మంచిగ కనవడాలని జేసిన."

ఆ మాటకు ఇంకా ఒళ్లు మండింది. మంచిగా కనబడాలనేదే మోసం. అందరి ముందూ అదే అన్నాను. కొండయ్య తల వంచుకుని పోయాడు. ఇలా ఒక్కణ్ణి నిలబెడితే తప్ప మిగతావాళ్లకు బుద్ధి రాదు.

12 ఆగస్టు

స్టీవెన్ ఇంటికి పోయాను. అనవసరంగా పోయాను.

అతని దగ్గర ఒక్క డబ్బా లేదు. అన్నీ కాగితం కవర్లలో, మీద పెన్సిల్‌తో తేదీ, ఎక్కడ కొన్నాడో. "ఒక్కటన్నా గ్రేడింగ్‌కు పంపరాదు?" అన్నాను. పంపనన్నాడు. మళ్లీ అదే పురాణం.

"గ్రేడింగ్ చెడ్డదని అంటలేనన్నా. పెద్ద ఖరీదు కాయిన్ అమ్మేటోనికి అక్కెరకొస్తది. నకిలీదా కాదా అని భయమున్నప్పుడు అక్కెరకొస్తది. గని నువ్వు మొదలువెట్టి ఏడాది గాలేదు, నీకెందుకు? మన కండ్లు నేర్సుకోకముందే డబ్బ తెచ్చుకుంటె, డబ్బను చూస్తం. కాయిన్‌ను చూడం."

"కండ్లు నేర్సుకునేదాక మోసపోవాల్నా?"

"పుస్తకం కొను. వంద కాయిన్లు చూడు, ఒక్కటి కొను. సరే గని, నీకు బట్ట చూసుడు ఎవరు నేర్పిండ్రు?"

"ఎవరూ నేర్పలే. చూసి చూసి వచ్చింది."

"మరి?"

చాయ్ చల్లారుతోందని గ్లాసు అందుకున్నాను. ఇలాంటివాళ్లకు డబ్బులు తీయడం ఇష్టముండదు. దానికి సిద్ధాంతం ఒకటి కడతారు. నా రూపాయి రానీ, చూద్దాం. అరవై ఐదు అంకె మొహం ముందు పెడతాను, అప్పుడు కళ్లు నేర్చుకోమనే మాట ఎవరు ఎవరికి చెబుతారో తేలుతుంది.

16 సెప్టెంబర్

సేఠ్ ఫోను ఎత్తలేదు.

23 సెప్టెంబర్

ఎత్తాడు. వచ్చే నెలట. శాంత రోజూ అడుగుతోంది. కొత్త సాంచ టెంపోలో వచ్చేసిందట, దసరా రోజు నడపాలట. వస్తదని చెప్పాను కదా! ఎన్నిసార్లు చెప్పాలి?

13 అక్టోబర్

వచ్చింది.

సేఠ్ కవరు చేతిలో పెట్టి లోపలికి పోయాడు. విప్పి చూస్తే అంకె లేదు. రాత ఉంది, అంకె లేదు. వెనకా ముందూ చూశాను. ఇంగ్లీషులో చార్మినార్, రూపాయి, సంవత్సరం కూడబలుక్కుని చదివాను. చివర ఇంకో మాట. సేఠ్‌ను అడగడానికి మనసొప్పలేదు. బస్సులో పక్కవాణ్ణి అడగడానికీ ఒప్పలేదు.

ఇంటికి వచ్చి మా అమ్మాయి కాజల్ చేతికిచ్చాను. పదో తరగతి, మరాఠీ బడి, అయినా ఇంగ్లీషు చదువుతుంది.

"బాపూ, ఇక్కడ నంబర్ నాహీ. క్లీన్డ్ అని ఉంది."

"అంటె?"

"మంజే... ధుతలేలా. కడిగిండ్రని. కడిగినందుకే నంబర్ ఇయ్యలేదేమో."

శాంత పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి డబ్బా చేతిలోకి తీసుకుంది. తిప్పి తిప్పి చూసింది. "తెల్లగైంది," అంది. మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

14 అక్టోబర్

మోసం. అంతా మోసం. ఫీజు మింగారు, నాలుగు నెలలు దగ్గర పెట్టుకున్నారు, ఒక మాట రాసి పంపారు. అక్కడ కుర్చీలో కూర్చున్నవాడికి ఏం తెలుసు మగ్గం గురించి, ముడుపు గురించి? వాడు పుట్టకముందు కొట్టిన రూపాయి కడిగినదని వాడెలా చెబుతాడు?

స్టీవెన్ దగ్గరికి పోయాను. నవ్వుతాడని సిద్ధపడి పోయాను. నవ్వలేదు, అది ఇంకా కాలింది. డబ్బాను కిటికీ దగ్గర వంచి భూతద్దం ఇచ్చాడు. "గీ సన్నటి గీతలు చూడన్నా. ఏదో గుడ్డతోని రుద్దినట్టు. వెండి మీద ఏండ్లకొద్ది పట్టిన నలుపే దాని చర్మం. నీలం గిట్ల ఉంటె ఇంక పానమిస్తరు. చింతపండో సోడానో వెడితే ఆ చర్మం పోతది. మల్ల రాదు." భూతద్దం వెనక్కి తీసుకుని అడిగాడు. "ముడుపు ఇప్పినంక నువ్వేమన్న చేసినవానె?"

"తుడిచిన. అంతే."

"అంతేనా?"

"అంతే అంటున్న గదా!"

"అయితె అంతకుముందే ఎవరో కడిగి ఉంటరు."

అదీ మాట! ఇంత తేలిక సంగతి నాకెందుకు తట్టలేదు? అంతకుముందే. ఇంట్లో దీపావళి వస్తే కుందులు, పళ్లేలు, చెంబులు అన్నీ ముందరేసుకుని చింతపండుతో తోమేది ఎవరు? అన్నిటినీ తళతళలాడించే రోగం ఎవరికి?

15 అక్టోబర్

చెప్పేశాను. అందరి ముందూ చెప్పేశాను. మంచిదే అయింది.

బావ పెద్దులు, ఆయన భార్య వెంకవ్వ ముడుపు తీసుకుపోదామని వచ్చారు. చాపేసి కూర్చోబెట్టాను. డబ్బా చూపించాను. బావకు అర్థం కాలేదు. "గిదేంది బావా, రూపాయిని సీసాల వెట్టినట్టు?"

అప్పుడు చెప్పాను, ఇది కడిగిన రూపాయని అమెరికావాళ్లు రాశారని, నీ చెల్లెలు ఏదో దీపావళికి ముడి విప్పి, తోమి, మళ్లీ కట్టిందని, నాకు చెప్పకుండా దాచిందని.

శాంత చేతిలో చాయ్ గ్లాసులున్నాయి. కింద పెట్టింది. "ఆ ముడి మా తాత ఏసింది. మా అవ్వ ఇప్పలే. నేను ఇప్పలే. నువ్వు ఇప్పినవు."

"విప్పినంక నేను కడగలే. నా చేతికి వచ్చేటాలకే కడిగి ఉన్నది."

"ఎట్లున్నది గట్లనే వస్తదని ఎవరన్నరు?"

"మాట మార్చకు. మీ అన్న ముందట చెప్పు, కడిగినవా లేదా? అబద్ధమాడుడు నీకు కొత్తనా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందేమో. అన్నాను. వెంకవ్వ "శాంతా, ఏందే?" అంది, నమ్మినట్టే. బావ నేల చూశాడు. శాంత ఒకసారి వంటింటి అలమర వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. ఎందుకు చూసిందో. తర్వాత నాలుగు చీరలు సంచీలో పెట్టుకుని వాళ్ల వెంట పోయింది. డబ్బా తీసుకుపోలేదు.

పోనీ. తప్పు చేసినవాళ్లే మొహం చాటేస్తారు.

16 అక్టోబర్

కాజల్ అన్నం వండింది. అడుగంటింది. ఏమీ అనలేదు నేను. చిన్నవాడు శుభమ్ అమ్మ ఎప్పుడొస్తదని నాలుగుసార్లు అడిగాడు. వాడి మీద అరిచాను.

17 అక్టోబర్

తుడవడం వేరు, కడగడం వేరు.

18 అక్టోబర్

పని మీద మనసు లేదు. కొండయ్య తాకా వచ్చింది. పరిచాను. ముప్పయ్యో మీటరులో నూనె మరక, అరచేయంత, నల్లగా, నిగనిగలాడుతూ. ముట్టుకోలేదు, దాచలేదు. మరక పక్కనే సుద్దముక్కతో తనే గుండ్రం చుట్టాడు.

వాడు బల్లకు అవతల నిలబడ్డాడు. "కడగలేనే. నువ్వే చెప్పినవు గదా. ఎట్లున్నది గట్లనే తెచ్చిన."

ఫ్రెష్ అని రాసి తోసేశాను. "పో, పో. నా మొహమేం చూస్తున్నవు?" అని కసిరాను. పాపం వాడేం చూడలేదు. నాకే ఆ పెన్సిల్ పట్టుకోవడం చేతకావడం లేదు ఇవాళ.

19 అక్టోబర్

ఆ కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాయాలని కూర్చున్నాను. నేను చెబుతుంటే కాజల్ ఇంగ్లీషులో రాస్తోంది. 'మీరు కడిగిందని రాసిన నాణెం అరవై ఏళ్లు ముడుపులో ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు' అని చెప్పాను. రాసింది.

"ఎప్పుడు పంపినవు బాపూ? తారీఖ్ కావాలె."

తారీఖు గుర్తు లేదు. ఈ డైరీ తీశాను. కాగితాలు వెనక్కి తిప్పాను. పది జూన్ సేఠ్‌కు ఇచ్చింది. దానికి పైన తొమ్మిది. నా రాతే. ఒత్తి రాసిన అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. చింతపండు గట్టిగా పిసికి. గట్టిగా అని కూడా రాశాను. ఎంత బాగా వచ్చిందో అని రాశాను.

"ఏం రాసినవు? సదువు," అంది కాజల్. దానికి తెలుగు చదవడం రాదు. నేను నేర్పలేదు.

"పది జూన్," అన్నాను.

రాసుకుంది. "ఇంక?"

ఇంకేమీ లేదని ఉత్తరం లాక్కుని చింపేశాను. అది బిత్తరపోయింది.

నేను మర్చిపోయానా? లేదు. మర్చిపోతే సేఠ్‌కు లేదని ఎందుకు చెబుతాను? స్టీవెన్‌కు బనీను గుడ్డ పేరు కూడా ఎందుకు చెప్పలేదు? పదిహేడో తారీఖున ఒక్క వాక్యం రాసుకున్నాను, అది ఎవరికి చెప్పుకున్నాను? ఆ అమెరికావాణ్ణి తిట్టాను, సేఠ్‌ను తిట్టాను, స్టీవెన్‌ను పిసినారి అన్నాను, చివరికి తిట్టడానికి ఎవరూ మిగలక ఇంట్లో మనిషిని పట్టుకున్నాను. అక్కడ కుర్చీలో కూర్చున్నవాడు నన్ను చూడకుండానే, నా పేరు తెలియకుండానే, రూపాయి ఒక్కటి చూసి ఏం జరిగిందో చెప్పేశాడు. నేను ఇక్కడ పన్నెండో మీటరులో కొండయ్యను పట్టుకున్నట్టు.

థూ. నా కళ్లకు ఏం రోగమొచ్చింది?

20 అక్టోబర్

వరాలా తలావ్ దాకా పోయాను. తలావ్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. బావ ఇంటి మలుపు దాకా పోయి, ఆమె ఏమంటుందో ముందే ఊహించుకుని, ఆ ఊహించుకున్న మాటలకే కోపం తెచ్చుకుని తిరిగి వచ్చాను.

ఆమెకు ఒంటరిగా చెబితే సరిపోతుందా? ఒంటరిగా అయితే నిన్ననే చెప్పేవాణ్ణి. కానీ నేను అన్నది ఒంటరిగా కాదు.

21 అక్టోబర్, దసరా

వచ్చాక రాస్తున్నాను.

పిల్లలిద్దరినీ తీసుకుని, డబ్బా ఒక జేబులో, ఈ డైరీ చంకలో పెట్టుకుని టెంఘర్‌లో బావ సాంచల షెడ్డుకు పోయాను. కొత్త సాంచకు పసుపు బొట్లు పెట్టి, బంతిపూలు కట్టి ఉంచారు. పూజకు ఇంకా టైముంది, పాత మూడు సాంచలు నడుస్తూనే ఉన్నాయి. ఆ చప్పుడులో పక్క మనిషి మాట వినపడదు. బావ నన్ను చూసి తల ఊపాడు. వెంకవ్వ కొబ్బరికాయలు కడుగుతోంది. శాంత కొత్త సాంచ దగ్గర ముగ్గు వేస్తోంది, తల ఎత్తలేదు.

డైరీ తీశాను. తొమ్మిదో తారీఖు కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. నిజం రాసుకోవాలి కదా ఇక్కడ. సాంచలు నడుస్తున్నాయని ధైర్యం వచ్చింది. ఎవరికీ పూర్తిగా వినపడదు, చదవడం మాత్రం చదివినట్టవుతుంది. ఆ లెక్క వేసుకునే మొదలుపెట్టాను.

చింతపండు దగ్గరికి వచ్చేసరికి శాంత లేచింది. చేతులకు ముగ్గు దులుపుకుంది. మొదటి సాంచ దగ్గరికి పోయి హ్యాండిల్ కొట్టింది, అది ఆగింది. రెండోదాని దగ్గరికి పోయింది, అది ఆగింది. మూడోదీ ఆపింది. షెడ్డులో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం. వెంకవ్వ కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడింది. బావ "ఏమైందే?" అన్నాడు.

శాంత నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు సదువు."

చదివాను. మొదటి నుంచి. ముడి విప్పడం, మురికి అనుకోవడం, చింతపండు గట్టిగా పిసకడం, బనీను గుడ్డ, ఎంత బాగా వచ్చిందో, అన్నీ. రెండుసార్లు ఆగాను. ఆగిన చోటల్లా నేను మళ్లీ చదివేదాకా ఆమె ఎదురుగానే నిలబడింది. ఆ తర్వాత పదోది కూడా చదవమంది. సేఠ్‌కు లేదని చెప్పడం, ఫీజు సంగతి సగమే చెప్పడం, అవీ చదివాను. పదకొండోదీ చదివాను, ఇంట్లో సరుకు చూసుకోదు ఈ మనిషి అని నేను రాసింది. వెంకవ్వ "అయ్యో!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అన్నా, ఇన్నవా?" అంది శాంత.

"ఇన్న," అన్నాడు బావ.

"వదినా?"

"ఇన్ననే బిడ్డా."

అప్పుడు నాతో అంది. "పావుకిలో చింతపండు తెచ్చి అలమరల డబ్బల వోసి మా అన్న ఇంటికి వోయిన. వచ్చేటాలకు డబ్బ ఖాళీ. ఆ దినమే తెలిసింది నాకు. నువ్వే చెప్తవనుకున్న."

"నాలుగు నెలలు ఎందుకు ఊకున్నవే?"

"నువ్వెందుకు ఊకున్నవు?"

బావ డబ్బా అందుకుని, సుత్తె తెచ్చి పగలగొట్టి రూపాయి తీద్దామన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. ఆ కాగితం, ఆ మాట, అన్నీ ముక్కలై పోతాయి. శాంత వద్దంది. "డబ్బతోనే కడత. ఏం రాసి ఉన్నదో గట్లనే ఉండనియ్యి." పాత పసుపు గుడ్డ డబ్బాకు చాలలేదు. బావ సాంచ మీద నుంచి మూరెడు బట్ట కోసిచ్చాడు. దానికి పసుపు రాసి, డబ్బాను మూటకట్టి, ఇంత లావు ముడుపు కొత్త సాంచకు వేలాడదీసింది. ముడి మీద ముడి, మూడు ముళ్లు వేసింది. కొబ్బరికాయ కొట్టారు. సాంచ నడిచింది.

స్టీవెన్‌కు రేపు చెప్పాలి. ఏమంటాడో తెలుసు. ఏమీ అనడు. అదే కష్టం. కొండయ్యకు కూడా ఒక మాట బాకీ ఉన్నాను, అందరి ముందు.

నాతో ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు శాంత. ఇంటికి వస్తుందో రాదో అడిగే ధైర్యం చాలలేదు. బయల్దేరుతుంటే కాజల్ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"బాపూ, పులిహోరకు చింతపండు తెమ్మన్నది అమ్మ. కిలో. మనింటికే."

కిలో తెచ్చాను. అలమరలో డబ్బా నేనే నింపాను.